హైదరాబాదు దూరదర్శన కేంద్రము: దాని పూర్వచరిత్ర

మన సంఘము ప్రకటించు వార్షికసంచికలయందు శాసనములను గూర్చియు, దేవాలయములను గూర్చియు, ప్రాచీనవంశములను గూర్చియు వ్యాసములు తఱచుగా వెలువడుచుండును. ఈ పర్యాయము మేము ఐదు దశాబ్దములనాటి సంగతి నొకదానిని పాఠకమహాశయుల యెదుట నుంచుచున్నాము. ఏబదియేండ్లు చరిత్రకు స్వల్పకాలమే యనవచ్చును. కాని నాడు బాలురై దానిని కన్నులార జూచినవారు నేడు వార్ధక్యమున నడుగిడుచున్నారు. వ్రాతలోనికి రాని జ్ఞాపకము మనుష్యునితోడనే గతించును. అందువలన హైదరాబాదు దూరదర్శన కేంద్రము పుట్టిన వృత్తాంతమును మాకు దెలిసినంత మట్టుకు ఇచట నివేదించుచున్నాము.

భారతదేశమున దూరదర్శనము 1959వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీని ఢిల్లీనగరమున ప్రయోగరూపమున మొదలయ్యెను. పదమూడేండ్లకు, అనగా 1972లో, బొంబాయియందు రెండవ కేంద్రము వెలసెను. 1975 ఆగస్టు నెలలో కలకత్తా, మద్రాసు నగరములకును ఆ భాగ్యము గలిగెను. ఈ నగరములన్నిటియందును క్రమ మొక్కటియే: కేంద్రము నగరమధ్యమున నుండును, టీవీపెట్టెను కొనగల గృహస్థులు దానిని ముందుగా జూతురు, పల్లెల వంతు తరువాత వచ్చును. 1967లో ఢిల్లీచుట్టునున్న 80 గ్రామముల రైతులకై ప్రారంభమైన కృషిదర్శన కార్యక్రమము ఈ క్రమమునకు తొలి మినహాయింపు. మన రాష్ట్రమునందైతే ఆ క్రమము పూర్తిగా తలక్రిందయ్యెను. రాజధానిలో కేంద్రము నెలకొనుటకు రెండేండ్లు ముందుగనే పల్లెటూళ్లు దూరదర్శనమును జూచినవి. మన కేంద్రచరిత్రలో మిక్కిలి గమనింపదగిన విశేష మిదియే.

ఈ విపరీతక్రమమునకు మూలపురుషుడు విక్రమ్ సారాభాయి మహాశయుడు. భూమిమీద ప్రసారస్తంభములు నాటుకొనుచు పోయినచో మారుమూల పల్లెకు దూరదర్శనము చేరుటకు దశాబ్దములు పట్టును. ఆకసమున నిలిపిన ఉపగ్రహమైనచో నగరమునకును, కొండకావలి పల్లెకును ఒక్కసారిగనే బొమ్మను పంపగలదు. ఈ యాలోచనతో ఆయన పాటుపడగా, 1969వ సంవత్సరము సెప్టెంబరులో భారత అణుశక్తిశాఖకును అమెరికాదేశపు నాసా సంస్థకును ఒడంబడిక జరిగెను. ఫలము చేతికి రాకమునుపే, 1971 డిసెంబరు 30వ తేదీని, సారాభాయి స్వర్గస్థుడయ్యెను. ఆయన తలపెట్టిన కార్యమును అహమ్మదాబాదులోని అంతరిక్ష ప్రయోగకేంద్రమువారు, ఆచార్య యశపాల్ గారి యాధ్వర్యవమున, నెరవేర్చిరి.

ఆ ప్రయోగమునకు సైట్ అని పొట్టిపేరు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వఱకు సరిగా నొక్క సంవత్సరము అది జరిగెను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ అను ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములు అందుకు ఎన్నుకొనబడినవి. మన రాష్ట్రమునకు వచ్చినవి సుమారు 400. అవి మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు, హైదరాబాదు జిల్లాలలోనివి. ఇవి వానకై యెదురుచూచు మెట్టసీమలు, అక్షరాస్యత కొఱవడిన పల్లెలు. వెనుకబడిన ప్రాంతములనే యెంచుకొనుట ఆ ప్రయోగపు నియమము.

ఏటీఎస్-6 అను నాసావారి ఉపగ్రహము భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిచి బొమ్మను క్రిందికి బంపుచుండెను. దాని నందుకొనుటకు ప్రతిగ్రామమునను పదియడుగుల వ్యాసము గల గొడుగు నొకదానిని తలక్రిందుగా నిలిపిరి. కోళ్లగూళ్లకు వాడు తీగజాలివంటి జాలితో అల్లబడుటచే ఆ గొడుగు చవుకగా దయారయ్యెను. టీవీపెట్టెలను మన హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారు నిర్మించిరి. బొమ్మ యొక్కటియే యైనను ధ్వనిమార్గములు రెండుండుటచే, ఒకే దృశ్యమును రెండుభాషలలో వినిపించు వీలు గలిగెను. కార్యక్రమముల తయారీకై ఢిల్లీ, కటక్, హైదరాబాదు నగరములందు మూడు కేంద్రము లేర్పడినవి. తెలుగు, కన్నడ కార్యక్రమముల భారమును హైదరాబాదు కేంద్రము వహించెను. అనగా, నగరవాసి తన యింట జూడజాలని కార్యక్రమములను ఆ నగరమే తయారుచేసి పల్లెలకు బంపుచుండెను. హైదరాబాదు దూరదర్శనమునకు పురిటిమంచము ఇదియే.

ఉదయము గంటన్నరసేపు బడిపిల్లల పాఠములు. నాలుగుభాషలవారికి పంచగా తెలుగు పిల్లలకు లభించినది ఇరువదిరెండున్నర నిమిషములు. సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు: వ్యవసాయము, పశుపోషణ, ఆరోగ్యము, కుటుంబనియంత్రణము, ఆటపాటలు, పిమ్మట అందఱికిని సమానమైన దేశీయకార్యక్రమము. 1975 అక్టోబరులో సెలవుదినములందు వేలకొలది ప్రాథమికోపాధ్యాయులకు ఈ సాధనముచేతనే విజ్ఞానశాస్త్రబోధనయందు శిక్షణ మిచ్చిరి.

టీవీపెట్టెను ఎచట నుంచవలె ననునది చిన్నప్రశ్న కాదు. మోతుబరి లోగిలిలో నుంచినచో చూచువా రెవ్వరో, గడప యావలనే నిలిచిపోవువా రెవ్వరో పాఠకులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. అందువలన పాఠశాల, పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగస్థలములనే యెంచుకొనిరి. సర్వజనులకును ప్రవేశము గల చోటుననే పెట్టె యుండవలెనని వారి నిశ్చయము. ఇంటింటికి గోడగల యూరిలో గోడలేని చోటు నొకదానిని వెదకి పెట్టెను అచట నిలుపుట, మా యభిప్రాయమున, ఉపగ్రహమును నిలుపుటకంటె తక్కువ కార్యము కాదు.

ఫలితములను అతిశయోక్తిగా వర్ణింపుట మాకు సమ్మతము కాదు. మొదటిదినముల జనసమ్మర్దము క్రమముగ తగ్గెను. బడి మానివేయు పిల్లల సంఖ్య టీవీవలన తగ్గునను ఆశ నెరవేఱలేదు. అది అత్యవసరపరిస్థితి యమలులోనున్న కాలము గనుక, ప్రభుత్వవాణియే ప్రబలముగ వినబడెనను విమర్శయు న్యాయమైనదే. ఐనను పత్రిక చదువనేరని స్త్రీలు, నిరక్షరాస్యులు ఆరోగ్యాదివిషయములయందు క్రొత్తసంగతులు పెక్కు నేర్చిరని పరిశీలకులు తేల్చిరి.

1976 జూలై 31వ తేదీతో గడువు దీఱెను. ఉపగ్రహము నాసావారిది; వారు దానిని మరలించుకొనిరి. ఏడాదిపాటు మాటలాడిన పెట్టెలు ఒక్కసారిగ మూగవోయినవి. అలవాటు చేసి విడనాడుట భావ్యము కాదని తలచి, ప్రభుత్వమువారు ఆ ప్రాంతముల నిమిత్తమై ఆరు భూతల ప్రసారకేంద్రములను నెలకొల్ప నిశ్చయించిరి. హైదరాబాదు, గుల్బర్గా, జయపురము, రాయపురము, సంబల్‌పురము, ముజఫర్‌పురము అనునవి ఆ యాఱు. ఈలోపల 1976 ఏప్రిల్ 1వ తేదీనుండియే దూరదర్శనము ఆకాశవాణినుండి విడివడి ప్రత్యేకశాఖ యయ్యెను.

ఆ ప్రకారము 1977వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీని హైదరాబాదు దూరదర్శన కేంద్రమును రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి గారు ప్రారంభించిరి. తెలుగువాడు రాష్ట్రపతియైన సంవత్సరముననే తెలుగువారికి తమదైన కేంద్రము లభించుట ముదావహము. కాని యొక లోపము దాచరానిది. భూతల ప్రసారము కొంతదూరము మాత్రమే పోగలదు. ఆరు కేంద్రములును గలిసి సైట్ గ్రామములలో ఇంచుమించు నూటికి నలుబదింటిని మాత్రమే అందుకొనగలిగినవి. హైదరాబాదునకు రెండువందల కిలోమీటర్లకు పైబడి దూరముననున్న కర్నూలు ప్రాంతపు పల్లెలు బయటనే నిలిచిపోయినవి. పల్లెలు కారణముగా బుట్టిన కేంద్రము, మొట్టమొదట సంతృప్తిపఱచినది నగరమునే.

తరువాతి కథ యెల్లరకు దెలిసినదే. 1982లో రంగులబొమ్మ వచ్చెను. ఢిల్లీ దేశీయకార్యక్రమము ప్రతికేంద్రమునకు జేరెను. 1983లో ఇన్సాట్-1బీ ఉపగ్రహము ఆకసమున నిలిచెను. టీవీపెట్టె యింటింటికి వచ్చినకొలది ఊరుమ్మడిపెట్టె మఱపున బడెను. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట హైదరాబాదు కేంద్రము యాదగిరియనియు, విజయవాడ కేంద్రము సప్తగిరియనియు వ్యవహరింపబడుచున్నవి. పేరులు రెండైనను పురుడు ఒక్కటియే.

ఈ మహాసభకు విచ్చేసిన సోదరులలో ఆ నాలుగు జిల్లాలవారు పెక్కురు గలరని మా విశ్వాసము. తమ యూరిబడిలో ఆ పెట్టె యెచట నుండెను, దాని తాళపుచెవి యెవరి చేతిలో నుండెను, ముందువరుసను కూర్చున్నవా రెవ్వరు, వెనుక నిలిచినవా రెవ్వరు - ఈ సంగతులు ఏ సర్కారు నివేదికయందును పూర్తిగా దొరకవు. అవి మన పెద్దల నోటనే గలవు. విద్యాభిమానులగు పోషకులు కొంచెము ద్రవ్యము వెచ్చించి, యువకులు కొంచెము కాలము వెచ్చించి, ఆ జ్ఞాపకములను వ్రాయించి భద్రపఱచినచో, వచ్చు సంచికలకు రాజవంశావళుల ప్రక్కన నుంచదగిన చరిత్ర లభింపగలదు. ఈ విన్నపమును మన్నింతురుగాక యని కోరుచు విరమించుచున్నాము.