వేడికి లొంగని కొలబద్ద

ఎండకు ఉక్కు గొలుసు సాగుతుంది; దానితో నేలను కొలిస్తే లెక్క తక్కువ వస్తుంది. 1802లో మద్రాసు వద్ద ఆధారరేఖను కొలిచిన విలియం లాంబ్టన్ తన 100 అడుగుల గొలుసు పక్కన ఉష్ణమాపకాలుంచి, ఆ లోపాన్ని గణితంతో సరిదిద్దాడు. ఆ రేఖ తప్పితే దానిపై అల్లిన త్రిభుజాలన్నీ తప్పుతాయి గదా!

1841లో మన సికింద్రాబాదుకు పడమరనున్న బీదరు వద్ద ఆధారరేఖను కోల్బీ కడ్డీలతో కొలిచారు. ఒక ఇత్తడి కడ్డీని, ఒక ఇనుప కడ్డీని నడుమ బిగించి, కొనలను చిన్న నాలుకలతో కలిపారు. ఇనుము కంటె ఇత్తడి ఎక్కువ సాగుతుంది, నాలుక వాలుతుంది, దానిమీది చుక్క మాత్రం కదలదు. చక్కని యుక్తి. కాని రెండు లోహాలూ ఒకే వేగంతో వేడెక్కవు, అందుచేత డేరాల నీడ తప్పలేదు.

నేటి లేసరుకు గొలుసు అక్కరలేదు గాని, దాని కిరణం గాలిలోనే పోవాలి. గాలి వేడెక్కి పలచబడితే కాంతివేగం రవంత హెచ్చుతుంది: 1 సెంటిగ్రేడు డిగ్రీకి కిలోమీటరు దూరంలో సుమారు 1 మిల్లీమీటరు తేడా. ఉక్కుకైతే అది 11 మిల్లీమీటర్లకు పైమాటే.