నీళ్ళబండి పేట



పోయిన డిసెంబర్లో మా అమ్మ సింగపూర్ వచ్చింది. దిగిన మర్నాడు తెల్లవారకుండానే వంటింట్లోంచి మొదటి ప్రశ్న: "ఇక్కడ నీళ్ళు ఎన్నింటికి వదులుతార్రా?" వదలడం అంటూ ఏమీ ఉండదమ్మా, ఎప్పుడు తిప్పినా వస్తాయి అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెలన్నీ నింపి మూతలు పెట్టాకే కాఫీ కలిపింది. రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. "పోనీ, మునిసిపాలిటీ ఆఫీసు ఎక్కడ?"

నిజానికి సింగపూర్‌కి ఇప్పుడు మునిసిపాలిటీ లేదు. మేయర్లు అని కొందరున్నారు గానీ వాళ్ళ పని వేరు, నీళ్ళూ దీపాలూ వాళ్ళ చేతిలో ఉండవు. కానీ ఒకప్పుడు ఉండేది, వందేళ్ళకి పైగా ఉంది. అది ఎలా పుట్టింది, ఎవరి చెమటతో నడిచింది, ఎలా పోయింది అన్నదే ఇవాళ్టి ముచ్చట. ఇందులో మన మద్రాసు తీరానికీ వాటా ఉంది, అందుకే చెప్పాలనిపించింది.

1819లో రాఫిల్స్ ఇక్కడ కంపెనీ జెండా పాతాడు. 1824 జనవరిలో తీసిన మొదటి జనాభా లెక్కల్లో 10,683 మంది తేలారు. అయిదేళ్ళలో ఊరు వెలిసింది గానీ ఊరికి కావలసినవేవీ లేవు. ఓడలకి సుంకం లేని రేవు కాబట్టి ఖజానాకి ఆదాయమూ లేదు. 1820లో ఫార్కర్ దొర పోలీసుల జీతాల కోసం నల్లమందు, సారా, జూదం పాటలు వేలం వేశాడు. జూదం సంగతి విని రాఫిల్స్ మండిపడ్డాడట. అంటే ఈ ఊరి మొదటి పోలీసు జీతం జూదగాడి జేబులోంచి వచ్చింది. ఇప్పటి సింగపూర్ చూసిన వాళ్ళకి నవ్వొస్తుంది.

మరి రోడ్లు వెయ్యాలి, చిత్తడి నేలలు పూడ్చాలి, కాలవలు తవ్వాలి. కూలి ఇవ్వడానికి డబ్బు లేదు. దానికి కంపెనీ వారు కనిపెట్టిన ఉపాయం ద్వీపాంతరవాస శిక్ష. 1825 ఏప్రిల్లో బెంకూలెన్ నుంచి 80 మంది ఖైదీలు ఓడలో దిగారు. వాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళు. ఆ వెంటనే బెంగాల్ వాళ్ళు 122 మంది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే గంజాం నుంచి తిరునల్వేలి దాకా, అందులో మన కోస్తా జిల్లాలూ రాయలసీమా ఉన్నాయన్నది గుర్తుంచుకోండి. 1860 నాటికి ఈ ఖైదీలు రెండువేల మందికి పైగా అయ్యారు.

వీళ్ళు చెయ్యని పని లేదు. అడవి కొట్టారు, రోడ్లు పరిచారు, ఇటుకలు కాల్చారు, వీధులు ఊడ్చారు, నిప్పంటుకుంటే ఆర్పడానికి పరిగెత్తారు. సెయింట్ ఆండ్రూస్ చర్చి కట్టింది వాళ్ళే. దాని గోడలకి పూసింది మద్రాసు సున్నం: గవ్వల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొనా ముతక చక్కెరా కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళతో నూరిన గచ్చు. మన ఊళ్ళలో పాత మేడలకి గచ్చు చేసిన తాతలుంటే ఈ వంటకం వెంటనే పోల్చుకుంటారు. చిత్రమేమిటంటే కాపలా వాళ్ళు కూడా ఖైదీలే. నడవడిక బాగున్న వాళ్ళని మేస్త్రీలుగా పెట్టి తతిమ్మా వాళ్ళ మీద అజమాయిషీ చేయించేవారు. జైలును నడిపిన మెక్‌నేర్ అనే దొర తరవాత, 1899లో, దీని మీద ఒక పుస్తకమే అచ్చు వేశాడు.

ఇక మునిసిపాలిటీకి వద్దాం. సింగపూర్‌ని అప్పట్లో కలకత్తా నుంచి ఏలేవారు. 1856లో కలకత్తాలో చేసిన చట్టాల ప్రకారం ఇక్కడ అయిదుగురు మునిసిపల్ కమిషనర్లు ఏర్పడ్డారు. అందులో ముగ్గురిని ఇంటిపన్ను కట్టే ఆసాములు ఎన్నుకోవాలి. మన భీమునిపట్నం మునిసిపాలిటీ 1861 నాటిది, కాబట్టి సింగపూర్‌ది దానికి ఓ అయిదేళ్ళు అక్కలాంటిదన్న మాట.

ఓటు హక్కు ఉన్నది పిడికెడు మందికి, చాలా వరకు వ్యాపారులకి. వాళ్ళకి దీపాలు కావాలి, రోడ్లు కావాలి, పన్ను మాత్రం పెరగకూడదు. పని చెయ్యడానికి ఖైదీలు ఎలాగూ ఉన్నారు. తమాషా ఏమిటంటే, 1857 తరవాత అదే వ్యాపారులు కలకత్తా వాళ్ళు తమ ఊరి మీద నేరస్తుల్ని కుమ్మరిస్తున్నారని గోల పెట్టారు. 1867 ఏప్రిల్ 1న పాలన లండన్ చేతికి పోయింది. 1873కల్లా ఖైదీల జైలు మూతపడింది. శిక్ష మిగిలిన వాళ్ళని అండమాన్ పంపారు. విడుదలైన వాళ్ళలో కొందరు ఇక్కడే బండి తోలుకుంటూనో పాలమ్ముకుంటూనో ఉండిపోయారు. ఆ తరవాత మునిసిపాలిటీ ప్రతి పనికీ కూలి ఇచ్చుకోవలసి వచ్చింది. వీధులూ కాలవలూ రోడ్ల పనికి మళ్ళీ దక్షిణాది నుంచే మనుషుల్ని తెచ్చుకున్నారు, ఈసారి కూలీలుగా.

నీళ్ళ కథ దగ్గర కాస్త ఆగుతాను.

1857లో తాన్ కిమ్ సెంగ్ అనే చైనా వ్యాపారి ఊరికి మంచినీళ్ళు తెప్పించమని 13,000 డాలర్లు ఇస్తానన్నాడు. షరతు ఒక్కటే, నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే గానీ ఆ పనికి చాలదు. కమిటీలు కూర్చున్నాయి, అంచనాలు వేశారు, అంచనాలు మార్చారు, డబ్బు ఎవరు పెట్టాలని కలకత్తాతో ఉత్తరాలు నడిచాయి. 1860ల చివరికి థామ్సన్ రోడ్డు దగ్గర చెరువు తయారైంది. కానీ నీళ్ళు ఊళ్ళోకి తోడే పంపులు లేవు, గొట్టాలు సరిపడా లేవు! సర్వర్ కొని కేబుల్ మర్చిపోయిన ప్రాజెక్టులు మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కొత్త కాదు గానీ, ఇది మరీ పదేళ్ళ ఆలస్యం. ఈలోగా 1873లో ఊళ్ళో కలరా వచ్చింది. నీళ్ళు గొట్టాల్లోకి వచ్చేసరికి 1877. దాత 1864లోనే పోయాడు. ఆయన పేర 1882లో ఒక ఫౌంటెన్ కట్టారు, ఇప్పుడది ఎస్‌ప్లనేడ్ పార్కులో ఉంది. పిల్లలు దాని ముందు ఫోటోలు దిగుతుంటారు. ఆ చెరువుకి తరవాత పని చేసిన మునిసిపల్ ఇంజనీరు మెక్‌రిచీ పేరు పెట్టారు. మనం ఆదివారాలు కోతుల్ని చూడటానికి పిల్లల్ని తీసుకెళ్ళే మెక్‌రిచీ అదే.

మరి గొట్టాలు రాకముందు ఊరు ఏం తాగింది? ఆన్ సియాంగ్ కొండ దగ్గరి బావుల నుంచి ఎడ్లబండ్ల మీద నీళ్ళు మోసుకొచ్చి ఇంటింటికీ అమ్మేవారు. బండ్లు తోలిన వాళ్ళలో మన దక్షిణాది వాళ్ళున్నారు. మలయా భాషలో ఆ పేటని క్రేతా ఆయర్ అన్నారు, అంటే నీళ్ళబండి. తమిళులు తణ్ణీర్ కంపం అన్నారు. చైనా వాళ్ళు న్యూ చే ష్వే అన్నారు, ఎద్దు బండి నీళ్ళు అని. ఇంగ్లీషు వాడు మాత్రం చైనాటౌన్ అన్నాడు. ఇప్పటికీ చైనాటౌన్ రైలు స్టేషన్ బోర్డు మీద చైనా లిపిలో ఎద్దూ బండీ నీళ్ళూ కనిపిస్తాయి. ఎడ్లబండ్లు ఎప్పుడో పోయాయి, బావులు పూడిపోయాయి. ఫౌంటెన్ దాతకి పోయింది, చెరువు ఇంజనీరుకి పోయింది. బండివాడి పేరు ఎవరికీ తెలీదు గానీ ఒక పేట పేరే వాడి బండిదైంది.

తక్కినవి గబగబా చెప్తాను. 1864 మే నెలలో గ్యాస్ దీపాలు వెలిగాయి. అది ప్రైవేటు కంపెనీ, 1901లో మునిసిపాలిటీ కొనేసింది. 1906లో కరెంటు దీపాలు వచ్చాయి. ఆ ఏడాదే సింప్సన్ అనే డాక్టరుని పిలిపించారు, అంతకు ముందు కలకత్తాలో హెల్త్ ఆఫీసరుగా చేసినాయన. ఊళ్ళో ఇళ్ళు వీపుకి వీపు ఆనించి కట్టి ఉండేవి. పాకీ తట్ట వంటింట్లోంచీ ముందు గదిలోంచీ వీధిలోకి రావలసిందే. ఇళ్ళ వెనక సందులు తియ్యండి అని ఆయన 1907 నివేదికలో రాశాడు. లిటిల్ ఇండియాలో మనం కారు పెట్టడానికి చోటు వెతుక్కునే వెనక సందులకి మూలం అదే. 1913కల్లా మురుగునీటి శుద్ధి మొదలైంది గానీ అది ఊరి నడుమకే. శివార్లలో 36 తలుపుల లారీలు తట్టల్ని మోస్తూ తిరుగుతూనే ఉన్నాయి. ఆఖరి తట్ట ఆగింది 1987 జనవరిలో. అంటే ఈ ఊళ్ళో మన వయసు వాళ్ళకి కూడా ఆ లారీ గుర్తే. మా ఆఫీసులో ఒక చైనా పెద్దాయన, ఆ లారీ వస్తోందంటే వీధంతా ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళం అని చెప్పి ఇంకా నవ్వుతాడు. మోసినవాడు పరిగెత్తలేడు కదా అన్నాను. ఆయన నవ్వు ఆపి, వాళ్ళతో మా అమ్మ ఎప్పుడూ మర్యాదగా మాట్లాడేది అన్నాడు.

1951 సెప్టెంబర్ 22న రాజుగారి చార్టర్‌తో సింగపూర్ నగరం అయింది, మునిసిపాలిటీ సిటీ కౌన్సిల్ అయింది. 1957 డిసెంబర్లో మొదటిసారి మొత్తం 32 స్థానాలకీ ఎన్నికలు జరిగాయి. ఓంగ్ ఎంగ్ గువాన్ మేయరయ్యాడు. ఆర్భాటం మనిషి. రాజదండం తీసి పక్కన పెట్టించాడు, ప్రజల ఫిర్యాదులకి ప్రత్యేకంగా ఆఫీసు తెరిచాడు. సభలో ఇంగ్లీషుతో పాటు మలయా, చైనా, తమిళ భాషలూ మోగాయి. వీధులూడ్చే తమిళ కూలీ తన కౌన్సిల్‌లో తన భాష వినడం, నూరేళ్ళ తరవాత! నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం అదే. కానీ రెండేళ్ళు నిండకుండానే, 1959లో స్వపరిపాలన వచ్చాక కౌన్సిల్ అధికారాలు ప్రభుత్వంలో కలిసిపోయాయి. ఇంత చిన్న దేశానికి రెండు ప్రభుత్వాలెందుకన్నారు. 1963లో నీళ్ళూ కరెంటూ గ్యాసూ పబ్లిక్ యుటిలిటీస్ బోర్డుకి వెళ్ళాయి. ఆ లెక్క సబబే అనిపిస్తుంది, మా కొళాయి సాక్ష్యం. అయినా ఊడ్చేవాడు నిలబడి అడగగలిగిన ఒక గది మూతపడిందన్నదీ నిజమే.

ఇదంతా అమ్మకి చెప్పాను. ఓపిగ్గా విని, ఆ నీళ్ళబండి పేట చూపించమంది. చైనాటౌన్ స్టేషన్ బోర్డు కింద నిలబెట్టి అక్షరాలు చూపించాను. కాసేపు చూసి, "ఎద్దు బొమ్మలా లేదే" అంది. తిరుగు రైల్లో మాత్రం, మా తాతగారి ఊళ్ళో ఎండాకాలం నీళ్ళబండి తోలిన మనిషి పేరు గుర్తు తెచ్చుకోవడానికి దారంతా ప్రయత్నించింది. ఇల్లు చేరే దాకా గుర్తు రాలేదు.