పలుభాషల పట్టణము సికిందరాబాదు

ఊరు పుట్టుటకు చెరువో, కోటయో, దేవాలయమో మూలముగ నుండుట మన మెరిగినదే. నేడు నేను ముచ్చటింపబోవు సికిందరాబాదునకు మూలము సైనికుల డేరాలు. 1798వ సంవత్సరమున నిజామునకును ఇంగ్లీషు కంపెనీకిని జరిగిన సంధి ననుసరించి కంపెనీసేన హుస్సేనుసాగరమునకు ఉత్తరమున విడిసెను. 1806లో సికందరుజా నవాబు పేర ఆ విడిదికి సికిందరాబాదను పేరు కలిగెను. చిరకాలము ఇది హైదరాబాదు సరసను వేరుపట్టణముగ నుండెను. 1960లో రెండు పురపాలక సంస్థలును ఒకటి యయ్యెను.

సేన యున్నచోట సిపాయి యొక్కడే యుండడు గదా! బియ్యము అమ్మువాడు, బట్టలు ఉతుకువాడు, డోలీ మోయువాడు, అప్పిచ్చు షాహుకారు, అందరును వెంట వత్తురు. చెన్నపట్టణపు సేనతో అరవలు వచ్చిరి. మార్వాడీలు, గుజరాతీలు, పారశీకులు వర్తకమునకై వచ్చిరి. తెలుగువారును, ఉర్దూ మాటలాడు ముసల్మానులును సరేసరి. 1847లో పారశీకుల అగ్న్యాలయమును, 1850లో సెయింటు మేరీ చర్చియు వెలసెను. మోండా బజారున బేరము ఒక భాషలో మొదలై మరియొక భాషలో ముగియుట వింత గాదు.

ఇట్టి భిన్నజనమును కలిపిన దేది? సుఖమును కష్టమును రెండును కలిపిన వని నా తలంపు. 1862లో నెలకొన్న మహబూబు కళాశాల పలుకులముల పిల్లలకు చదువు చెప్పెను. 1893లో వివేకానందస్వామి అచ్చటనే ఉపన్యసించెను. 1874లో రైలు వచ్చెను. 1897లో ప్రారంభమైన గడియారపు స్తంభము, చేతి గడియారము లేని కూలికిని ధనికునికిని ఒకే గంట చెప్పెను.

ఇక కష్టము. 1813లో కలరా ప్రబలెను. సేనలో డోలీ మోయు సురిటి అప్పయ్య అప్పుడు ఉజ్జయినిలో నుండి, తన ఊరివారి క్షేమమునకై మహంకాళికి మ్రొక్కుకొని, 1815లో ఇచ్చట అమ్మవారి కొయ్యవిగ్రహమును నిలిపెనని స్థలచరిత్రము. నేటికిని ఆషాఢమున అచ్చట బోనములు సమర్పింతురు.

చలిజ్వరము మరియొక కష్టము. అది చెడుగాలివలన వచ్చునని లోకము నమ్మెడిది. మలేరియా యను మాటకే చెడుగాలి యని యర్థము. సైనికవైద్యుడు రొనాల్డు రాస్ ఇచ్చట హుసేన్ ఖాన్ అను రోగికి, కుట్టిన దోమ కొక అణా చొప్పున నిచ్చి, ఆ దోమలను కోసి పరీక్షించెను. 1897 ఆగస్టు 20వ తేదీన ఒక దోమ కడుపులో జ్వరపు క్రిమి కనబడెను. 1902లో ఆతనికి నోబెలు బహుమానము లభించెను. ఆతడు పనిచేసిన బేగంపేట కట్టడము నేటికిని నిలిచియున్నది.

పెద్దలారా, ఆ దోమ మనకు జెప్పిన నీతి యిది. ఒక్క యిల్లు శుభ్రముగ నున్నంత మాత్రమున ఊరు బాగుపడదు. పొరుగువాని పెరటిలోని నిలువనీరే మన బిడ్డకు జ్వరము. చుట్టరికమును ఏకభాషయు లేని పట్టణవాసులే వీధిని, నీటిని, వైద్యశాలను ఉమ్మడిసొత్తుగ చూచుకొనవలసి వచ్చెను. వావివరుసలతో పిలుచుకొను మన గ్రామమునకు ఆ పని మరింత సులభము గావలదా? రచ్చబండకడ ఈ మాట యొకమారు ఆలోచింపుడు.