మొగిలి కనుమ ఎక్కిన మందుగుండు

మన చారిత్రక నవలల్లో యుద్ధం పొద్దున మొదలై పొద్దుగూకేలోగా ముగుస్తుంది. కత్తులు మెరుస్తాయి, గుర్రాలు సకిలిస్తాయి, చివర ఎవడో ద్రోహి కోట తలుపు తీస్తాడు. ఆ కోట మీద పడిన గుండు ఎక్కడినుంచి వచ్చింది, దాన్ని ఎవరు మోశారు, దాని ఖరీదు చివరకు ఎవరి నెత్తిన పడింది అన్న ప్రశ్న నవలాకారుడు వేయడు. ఆ నవలను సమీక్షించే మనమూ వేయం. మా పలమనేరు మీదుగా సాగిన ఒక యుద్ధాన్ని ఈ ప్రశ్నతో చూడాలన్నదే ఈ వ్యాసంలో నా ప్రయత్నం. రాయలసీమ కంపెనీ చేతికి ఎట్లా పోయిందో తెలుసుకోవడానికి ద్రోహుల కథలకంటే మందుగుండు లెక్క ఎక్కువ ఉపకరిస్తుందని నా అభిప్రాయం.

మూడవ మైసూరు యుద్ధానికి ముందు ఈస్టిండియా కంపెనీ 1790 జూన్‌లో పూనా పీష్వాతోనూ, జూలైలో హైదరాబాదు నిజాంతోనూ ఒడంబడికలు చేసుకుంది. ముగ్గురూ కలిసి టిప్పు సుల్తాన్ మీద యుద్ధం చేయాలి, గెలిచిన భూమిని సమంగా పంచుకోవాలి. కాగితం మీద అందరూ సమానులే. ఆ సమానత్వం ఫిరంగి దగ్గరికి వచ్చేసరికి ఏమైందో చూడాలి.

1791 ఫిబ్రవరిలో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ వేలూరు నుంచి కదిలాడు. ఆంబూరు వైపు కనుమలెక్కుతాడన్న భ్రమ కల్పించి, టిప్పు దృష్టిని అటు మళ్లించి, తాను ఉత్తరానికి తిరిగి చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి పలమనేరు చేరాడు. ఒక్క తూటా ఖర్చు కాకుండా మైసూరు పీఠభూమి మీద కాలు పెట్టాడు. సైనిక చరిత్రకారులు దీన్ని గొప్ప ఎత్తుగడగా మెచ్చుకుంటారు. మెచ్చుకోదగ్గదే. కాని కోటగోడలు పగలగొట్టే బరువు ఫిరంగుల్ని ఆ కనుమ ఎక్కించింది ఎత్తుగడ కాదు. ముందు ఎద్దులు లాగాయి, వెనక బెంగాలు నుంచి తెప్పించిన ఏనుగులు నెట్టాయి. (ఇప్పుడు పలమనేరు రైతుకు ఏనుగు అంటే కౌండిన్య అడవి దాటి వచ్చి పైరు తొక్కే జంతువు. అతని ముత్తాతల కాలంలో అది ఫిరంగి వెనక కూలి చేసింది.)

గుండు బరువంటే ఏమిటో తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. పద్దెనిమిది పౌన్ల ఫిరంగి పేరు దాని గుండు బరువును బట్టి వచ్చింది. ఆ గుండు మన లెక్కలో ఎనిమిది కిలోలు. గోడకు గండి కొట్టాలంటే అలాంటివి వందలు, వేలు కావాలి. ప్రతి గుండుకూ మందు కావాలి. సురేకారం, గంధకం, బొగ్గు పాళ్లు కలిపి దంచిన ఆ మందు వానకు తడిస్తే పనికిరాదు. అందుకే తేలిక ఆయుధాల కోసం వెతుకులాట అప్పటికే ఉంది. డచ్చి ఇంజనీరు కోహార్న్ 1674 ప్రాంతంలో తయారుచేసిన పొట్టి మోర్టారును మనుషులే ఎత్తుకుపోగలరు. అది గుండును ఎత్తుగా విసిరి గోడ అవతల వేస్తుంది. టిప్పు సైనికులు వాడిన ఇనుప గొట్టపు బాణాలు ఇంకా తేలిక. వెదురుకర్రకు కట్టిన ఆ తారాజువ్వలకు బండి అక్కరలేదు, మనిషి భుజం చాలు. తర్వాత ఇంగ్లండులో కాంగ్రీవ్ తన రాకెట్లకు మైసూరు బాణాలనే ఆదర్శంగా తీసుకున్నాడు.

మార్చి 21 రాత్రి బెంగుళూరు కోట పడింది. ఏప్రిల్‌లో నిజాం గుర్రపు దళం కారన్‌వాలిస్‌ను కలిసింది. కొత్తగా వచ్చిన వేల గుర్రాలకూ గడ్డి, గింజ కావాలి గదా. మిత్రుడు బలంతోపాటు ఆకలినీ తెచ్చాడు. మే నెలలో శ్రీరంగపట్నం మీదికి నడిచేటప్పుడు ఎద్దులు చచ్చి బండ్లు సాగక, శిబిరం వెంట ఉన్న ఆడవాళ్ల చేతా, పిల్లల చేతా కూలికి ఫిరంగి గుండ్లు మోయించినట్లు నాటి కథనాలు చెబుతున్నాయి. ఎనిమిది కిలోల ఇనప ముద్ద నెత్తిన పెట్టుకొని, వానలో, దండు వెంట నడిచిన ఆ తల్లి ఏ భాష మాట్లాడిందో ఎవరూ రాసుకోలేదు. మన కథకుల్లో ఒక్కరైనా ఆమెను పట్టించుకున్నారా? చివరికి మే 22న కన్నంబాడి దగ్గర కారన్‌వాలిస్ తన బరువు ఫిరంగుల్ని తానే పగలగొట్టించి, వచ్చినదారిన వెనుదిరిగాడు. అంతదూరం మోసిన శ్రమంతా కావేరి ఒడ్డున తుక్కుగా మిగిలింది.

ఇక మిత్రుల సంగతి. పరశురామ్ భావు పట్వర్ధన్ నడిపిన మరాఠా సేన ధార్వాడను 1790 సెప్టెంబరు నుంచి ముట్టడించింది. కంపెనీ తరఫున బొంబాయి నుంచి కెప్టెన్ లిటిల్ దళం తోడు వచ్చింది గాని, గోడ పగలగొట్టే సరంజామా దానితో రాలేదు. ఫిరంగులూ మందూ మరాఠాలే సమకూర్చాలి. వాళ్ల దగ్గర మందు చాలదు, పూనా నుంచి రావాలి. ఆ దళంలోనే పనిచేసిన ఎడ్వర్డ్ మూర్ 1794లో అచ్చు వేసిన పుస్తకంలో ఈ ముట్టడిని వర్ణించాడు. మరాఠా ఫిరంగివాళ్లు ఒక గుండు కూరి, తీరిగ్గా కూర్చుని కబుర్లాడి, పొగ తాగి, ఆ తర్వాత పేల్చేవారని అతని ఎగతాళి. నాకీ ఎగతాళి మీద నమ్మకం లేదు. బస్తాలో మందు లేనివాడు తీరిగ్గా పేల్చక ఏం చేస్తాడు? లేమిని సోమరితనంగా చదవడం వలసపాలకుల రాతల్లో పాత జబ్బు. మన చరిత్ర పుస్తకాలకూ అది అంటుకుంది. ధార్వాడ లొంగడానికి 1791 ఏప్రిల్ దాకా పట్టింది. మద్రాసు దళం తోడుగా నిజాం సైన్యం చుట్టుముట్టిన కొప్పళ కూడా అదే నెలలో, బెంగుళూరు పడిందన్న వార్త చేరాకే లొంగింది.

అసలు మన కథ గుర్రంకొండది. మదనపల్లెకు అవతలనున్న ఈ కొండకోటను 1791లో నిజాం సేనాని హాఫిజ్ ఫరీదుద్దీన్ ముట్టడించాడు. మనుషులున్నారు, గుర్రాలున్నాయి, గోడను కదిలించే ఫిరంగులు మాత్రం లేవు. అక్టోబరు 19న నందిదుర్గం గెలిచాక కారన్‌వాలిస్ ఫిరంగులను ఇక్కడికి పంపాడు. ఈ యుద్ధంలో కంపెనీ తరఫున పనిచేసిన కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ మామూలు సైనికాధికారి కాడు. ఆంబూరులో కూర్చుని వేగులనూ, సరఫరానూ నడిపినవాడు. లంబాడీల ఎద్దుల బిడారులను బతిమాలి, రేటు కుదిర్చి, దండుకు గింజలు తెప్పించినవాడు. యుద్ధం దుకాణంలాంటిదని తెలిసినవాడు. కంపెనీ ఫిరంగులు గుర్రంకొండ గోడకు గండి కొట్టాయి, నవంబరులో కింది కోట పడింది. దాన్ని నిజాం మనుషులకు అప్పగించి, కంపెనీ దళం తన ఫిరంగులతో వెళ్లిపోయింది.

ఇక్కడే ఆగి చూడాలి. కంపెనీ మిత్రుడికి ఫిరంగి పేలుడు ఇచ్చింది, ఫిరంగి ఇవ్వలేదు. పేల్చే విద్యా ఇవ్వలేదు. డిసెంబరులో టిప్పు సేన వచ్చి పడింది. కింది కోట మళ్లీ చేతులు మారింది, హాఫిజ్ చనిపోయాడు. పై కోట అసలు లొంగనే లేదు.

నిజాం ప్రభుత్వానికి ఈ పాఠం తెలియకపోలేదు. ఫ్రెంచి సేనాని రేమండ్ హైదరాబాదులో ఫిరంగులు పోతపోయించాడు; గన్‌ఫౌండ్రీ అన్న పేట పేరు ఆ కార్ఖానా జ్ఞాపకమే. 1795లో ఖర్డా దగ్గర మరాఠాలు నిజాంను ఓడించినపుడు కంపెనీ చేతులు ముడుచుకు కూర్చుంది. అటు తర్వాత రేమండ్ మీద నిజాం మరింత ఆధారపడటం సహజం. సరిగ్గా దాన్నే కంపెనీ సహించలేదు. 1798 సెప్టెంబరు ఒడంబడికతో సైన్య సహకారానికి ఏటా 24,17,100 రూపాయలు కట్టాలని రాయించుకుంది. అక్టోబరులో రేమండ్ వదిలిపోయిన దళం చేత ఆయుధాలు కింద పెట్టించింది. మిత్రుడు తన గుండు తాను పోసుకోవడం మిత్రద్రోహమైపోయింది!

ఇది మన దేశపు వింత కాదు. 1940 సెప్టెంబరులో అమెరికా బ్రిటనుకు 50 పాత యుద్ధనౌకలిచ్చి, బదులుగా 99 ఏళ్ల కౌలుకు స్థావరాలు పుచ్చుకుంది. ఎవరిదో ఒకరి నేల ఆ లెక్కలో జమ అవుతుంది. బ్రిటను కనీసం స్థావరాలిచ్చి బయటపడింది; నిజాం జిల్లాలే ఇచ్చాడు.

నగదు కట్టడం కష్టమైన నిజాం 1800 అక్టోబరు ఒడంబడికతో, టిప్పు నుంచి 1792లోనూ 1799లోనూ తన వాటాకు వచ్చిన భూమిని కంపెనీకి రాసిచ్చాడు. వాటినే దత్తమండలాలన్నారు. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచనతో ఆ పేరు పోయి రాయలసీమ అన్న పేరు వచ్చింది. ఈ పేరు మార్పును గురించి మన సాహిత్య విద్యార్థులు పరీక్షల్లో చక్కగా రాస్తారు. దేనికి దత్తం, ఏ బాకీ కింద దత్తం అని అడిగితే మాత్రం తడబడతారు. పలమనేరు ఆ దత్తంలో చేరలేదు. ఉత్తర ఆర్కాటులో ఉండి 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు ఇటు వచ్చింది. అయినా బాకీ పుట్టిన యుద్ధం ఎక్కివచ్చింది ఈ కనుమే.

గుర్రంకొండ మళ్లీ తెరమీదికి వస్తుంది. 1799లో శ్రీరంగపట్నం పడ్డాక అది నిజాం వాటాకు వచ్చింది. ఏడాది తిరగ్గానే కంపెనీదయింది. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, కారన్‌వాలిస్ దండులో నడిచిన కుర్ర అధికారుల్లో ఒకడు. శిస్తు లెక్కలు అతను నేర్చుకున్నది బారామహల్‌లో, 1792 నుంచి ఏడేళ్లు, ఆ కెప్టెన్ రీడ్ దగ్గరే. గుర్రంకొండ గోడ మీద పేలిన గుండ్ల ఖరీదును ఈసారి ఫిరంగివాడు అడగలేదు. ఫసలీ వారీగా, ఊరూరా, కరణం చిట్టాలో వసూలయింది.