వర్చువల్ మెషీన్ బ్యాకప్
సర్వరుపై హైపర్‌వైజరు అను సాఫ్ట్‌వేరు ఆశ్రయమున నడచు వర్చువల్ మెషీనును, డిస్కు ఫైళ్లతోను అమరికలతోను గూడ, ప్రతి తీసి వేఱొకచోట భద్రపఱచి, విపత్తు వాటిల్లినపుడు పునరుద్ధరించు విధానము. యంత్రమును ఆపకుండ ప్రతి తీయుటకై మొదట స్నాప్‌షాట్ కల్పింపబడును. అంతట మూలడిస్కు నిశ్చలమై, క్రొత్త వ్రాతలు వేఱొక ఫైలునకు మఱలి, ప్రతి ముగిసిన పిదప మూలమున విలీనమగును. స్నాప్‌షాటే బ్యాకప్పని భ్రమించువారు కలరు. మూలడిస్కు నశించినచో అదియు నిరర్థకమే. డేటాబేసు లావాదేవీలు నడుమ తెగిన స్థితిలో ప్రతికెక్కకుండుటకు, విండోస్‌లో వీయెస్సెస్ అను సేవ వ్రాతలను క్షణకాలము నిలుపును. 2009లో వెలువడిన వీఎంవేర్ వీస్ఫియర్ 4, మార్పు నొందిన భాగములను గుర్తించు ఏర్పాటును ప్రవేశపెట్టుటతో, ప్రతిసారియు యావత్తు డిస్కును చదువు శ్రమ తప్పినది. పునరుద్ధరణమున యంత్రమంతయు గాని, ఒక్క ఫైలు మాత్రమే గాని పొందవచ్చును. తొందర కలిగినచో బ్యాకప్ నిల్వనుండియే యంత్రమును నడపి, పిమ్మట తీరికగా స్వస్థానమునకు తరలింతురు.