ఒంటారియోలో సర్కారు బడి, గోడ మీద సిలువ

మా పాప మిసిసాగాలో క్యాథలిక్ ఎలిమెంటరీ బడిలో మూడో తరగతి చదువుతోందని చెబితే పలాస, టెక్కలి చుట్టాలు ముందు అడిగేది ఫీజెంత అని. కాన్వెంటు అనగానే వాళ్ల కళ్లముందు టై, బెల్టు, టర్ముకోసారి కట్టే డబ్బు మెదులుతాయి. ఇక్కడ ఫీజు లేదు. టీచర్ల జీతాలు, భవనాలు, బస్సులు అన్నీ ప్రజల పన్నుల డబ్బుతోనే నడుస్తాయి. అయినా గోడ మీద సిలువ ఉంటుంది, పొద్దున్నే ప్రార్థన ఉంటుంది, రెండో తరగతిలో పిల్లల్ని తొలి దివ్యసత్ప్రసాదానికి సిద్ధం చేస్తారు. సర్కారు బడిలో సిలువ ఎలా వచ్చిందో చెప్పాలంటే కెనడా పుట్టుక నుంచి మొదలుపెట్టాలి.

ఉద్దానం పెద్దలకు కెనడా కొత్త కాదు. సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఆసుపత్రి, అక్కడ డాక్టర్ బెన్ గల్లిసన్ చేసిన కంటి ఆపరేషన్లు చాలామందికి గుర్తే. ఆయన సేవ గురించి విని ఆర్ట్ జెంకిన్స్ 1963లో కాల్గరీలో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ పెట్టారు. మాదీ ఆ మిషన్ నీడలో ఎదిగిన బాప్టిస్టు కుటుంబమే. మా ఆవిడది విశాఖ క్యాథలిక్ కుటుంబం. తల్లిదండ్రుల్లో ఒకరు క్యాథలిక్ అయితే ఇక్కడ ఎలిమెంటరీలో చేర్చుకుంటారు. ఆవిడ జ్ఞానస్నాన పత్రం చూపించి పాపను చేర్పించాం.

ఇక చరిత్ర. 1845లో మొదలైన బంగాళాదుంప తెగులు ఐర్లండ్‌ను కరువులోకి తోసింది. 1847లో ఒక్క ఏడాదే దాదాపు 38 వేలమంది ఐరిష్ వలసజనం టొరంటో రేవులో దిగారు. అప్పటికి ఊరి జనాభాయే 20 వేలు. టైఫస్ జ్వరంతో వెయ్యిమందికి పైగా పోయారు. రోగుల మధ్య తిరిగిన బిషప్ మైకేల్ పవర్‌ను కూడా ఆ జ్వరమే తీసుకుపోయింది. బతికినవాళ్లు, ఎక్కువమంది క్యాథలిక్కులే, కూలిపనుల్లో కుదురుకున్నారు. రంగూన్ ఓడలెక్కిన మన తాతల తరం కథలు విన్నవాళ్లకు ఆ జనం ఎలా బతికి ఉంటారో వేరే చెప్పనక్కర్లేదు.

అప్పట్లో ఒంటారియో చదువుల పెద్ద ఎగర్టన్ రయర్సన్, మెథడిస్టు పాదిరి. పిల్లలందరికీ ఒకే ప్రభుత్వ బడి ఉండాలని పట్టుబట్టాడు. మంచి మాటే. కానీ ఆ బడిలో వీచే గాలి ప్రొటెస్టెంటు గాలి, తమ పిల్లలు అక్కడ తమ వాళ్లుగా మిగలరని క్యాథలిక్కులకు భయం. 1850లో బిషప్‌గా వచ్చిన ఫ్రెంచివాడు షార్బొనెల్ రయర్సన్‌తో బాహాటంగా తలపడ్డాడు. ఆయన పిలుపు మీద 1851లో సెయింట్ జోసెఫ్ సిస్టర్లు టొరంటో వచ్చి అనాథల్ని, బడుల్ని చేపట్టారు. అంతకు రెండేళ్ల ముందే, 1849లో, అదే పేరున్న సిస్టర్లు ఇప్పటి ఫ్రాన్సులోని ఆనెసీ నుంచి మన యానాంలో అడుగుపెట్టారు. రెండు శాఖలకూ మూలం 1650లో ఫ్రాన్సులోని ల్ పుయీలో మొదలైన ఒకే సంఘం. మా అత్తగారు విశాఖలో ఆ సిస్టర్ల దగ్గరే చదువుకున్నారు. మనవరాలు ఇక్కడ చదువుతున్నది ఆ అక్కచెల్లెళ్లు నాటిన బడుల వరసలోనే అని తెలిసి ఆవిడ ఎంత పొంగిపోయారో!

చివరికి 1863లో స్కాట్ చట్టం క్యాథలిక్ బడులకు హక్కులు గట్టిపరిచింది. అప్పటి ఉమ్మడి సభలో ఒంటారియో సభ్యుల్లో ఎక్కువమంది వద్దన్నా, క్యూబెక్ సభ్యుల ఓట్లతో నెగ్గింది. 1867లో కెనడా ఒక దేశంగా ఏర్పడినప్పుడు రాజ్యాంగంలోని 93వ సెక్షన్ ఆ హక్కులకు కాపలా అయింది. ఒంటారియోలో క్యాథలిక్కులకు, క్యూబెక్‌లో ప్రొటెస్టెంట్లకు రక్షణ: ఇచ్చిపుచ్చుకునే బేరం అది. లేకుంటే దేశమే కుదిరేది కాదని ఇక్కడివాళ్లు అంటారు. హైస్కూలు చివరి తరగతి దాకా పూర్తి నిధులిస్తామని ప్రభుత్వం ఒప్పుకోవడానికి మాత్రం 1984 దాకా ఆగాల్సి వచ్చింది. 1987లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది.

ఇందులో అన్యాయం ఉందని నా నమ్మకం. హిందువులు, సిక్కులు, ముస్లింలు, యూదులు, బాప్టిస్టులు ఎవరు బడి పెట్టుకున్నా సొంత డబ్బుతో నడుపుకోవాల్సిందే. 1999లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దీన్ని వివక్ష అంది. అన్ని మతాల బడులకూ నిధులిస్తామని 2007 ఎన్నికల్లో చెప్పిన పార్టీ ఓడిపోయింది. క్యూబెక్ 1997లో, న్యూఫౌండ్లాండ్ ఆ మరుసటేడు మతబడుల ఏర్పాటు వదిలేశాయి. ఒంటారియో వదల్లేదు. లాభం పొందుతున్న తండ్రినైనా ఈ మాట దాచను.

ఐరిష్ వాళ్లు కట్టుకున్న గూటిలో ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. 1967లో వలసలకు పాయింట్ల పద్ధతి వచ్చాక ఏ దేశస్థుడన్న చూపు పోయి, చదువు, పని, భాష లెక్కలోకి వచ్చాయి. మా పాప తరగతిలో ఫిలిప్పీన్స్, గోవా, కేరళ, పోలండ్, పోర్చుగల్, నైజీరియా పిల్లలు, ఇరాక్ నుంచి వచ్చిన కల్దీయ క్రైస్తవ పిల్లలు, జాఫ్నా తమిళ పిల్లలు కలిసి కూర్చుంటారు. శీతాకాలం గంట కొట్టగానే మంచు ప్యాంటు, బూట్లు, టోపీ, చేతితొడుగులు వరసగా తొడుక్కుంటారు. జిప్పు ఇరుక్కుంటే పక్కపిల్ల లాగిపెడుతుంది. క్రిస్మస్ ముందు ఫిలిప్పీన్స్ తల్లులు కట్టే నక్షత్ర దీపాలు వరండాకు కళ తెస్తాయి. పలాస జీడిపప్పు మాత్రం గేటు దాటదు. అలర్జీ ఉన్న పిల్లల కోసం 2005లో ఒంటారియో సబ్రీనా చట్టం చేసింది. మా బడిలోకి ఏ రకం నట్సూ తేకూడదు. అమ్మ పంపిన జీడిపప్పు ఇంట్లోనే తింటాం. ఎవరో ఒక్క బిడ్డ ప్రాణం కోసం బడంతా నోరు కట్టుకోవడం నాకు నచ్చింది.

ఈ బడిలో నన్ను కదిలించింది సెప్టెంబరు 30. ఆ రోజు పిల్లలంతా నారింజ రంగు చొక్కాలు వేసుకుంటారు. 1973లో ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆరేళ్ల ఆదివాసీ పిల్లకు బామ్మ కొన్న నారింజ చొక్కాను, బ్రిటిష్ కొలంబియాలోని సెయింట్ జోసెఫ్స్ మిషన్ హాస్టలు బడిలో మొదటిరోజే లాగేసుకున్నారు. లక్షన్నర మందికి పైగా ఆదివాసీ పిల్లల్ని అలాంటి బడులకు తరలించారు. సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఎందరో ఇంటికి తిరిగి రాలేదు. ఆ బడుల్లో ఎక్కువ భాగం నడిపింది క్యాథలిక్ సంఘాలే. అందరికీ ఒకే బడి అన్న రయర్సనే 1847లో ఆదివాసీ పిల్లల్ని హాస్టళ్లలో పెట్టి పనులు నేర్పాలని నివేదిక రాశాడు. 2021లో జనం ఆయన విగ్రహం కూల్చారు. ఆయన పేరున్న విశ్వవిద్యాలయం మరుసటేడు పేరు మార్చుకుంది. అదే ఏడాది పోప్ ఫ్రాన్సిస్ అల్బెర్టా వచ్చి ఆదివాసీల ఎదుట క్షమాపణ కోరారు. ఈ కథను క్యాథలిక్ టీచరే క్యాథలిక్ పిల్లలకు దాచకుండా చెబుతుంది. తన సంఘం చేసిన తప్పును తన పిల్లలకే చెప్పగల బడి మీద నాకు గౌరవం పెరిగింది.

స్కాట్ చట్టం వచ్చిన 1863లోనే మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పుట్టారు. కెనడా ఆదివాసీ పిల్లల నోళ్లు నొక్కుతున్న కాలంలోనే, పర్లాకిమిడిలో ఆ బడిపంతులు సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1931లో ఆయన సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఇంత గొప్ప పని మన గడపలో జరిగింది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరిపే మందస, మెళియాపుట్టి టీచర్లు ఆ రోజు తరగతిలోని సవర పిల్లల చేత సవరలో మాట్లాడించండి, పాడించండి, గిడుగు సవర వాచకాల సంగతి వాళ్లకు చెప్పండి.