స్టౌఫెన్ కింద నీరు

స్టౌఫెన్ ఊరి గోడలు పగిలాయని మనకు ముందే తెలుసు. అయినా 2007 సెప్టెంబరు దగ్గరికి వెళ్లి, అక్కడ బోర్లు వేస్తున్న యంత్రం పక్కన నిలబడి, "కాసేపు ఆగండయ్యా" అని బతిమాలాలనిపిస్తుంది.

జర్మనీ నైరుతి మూలన, ఫ్రైబుర్గ్‌కు దక్షిణంగా, బ్లాక్ ఫారెస్ట్ కొండలు మైదానంలోకి దిగేచోట ఉంది ఆ చిన్న ఊరు. గుట్ట మీద శిథిలమైన కోట, దాని వాలున ద్రాక్షతోటలు, నడిబొడ్డున 16వ శతాబ్దపు పురపాలక భవనం. దయ్యంతో బేరమాడుకున్న ఫౌస్టు 1539 ప్రాంతంలో ఇక్కడి సత్రంలోనే పోయాడని ఐతిహ్యం. ఊరికి పట్టిన గతిని ఆ కథతో ముడిపెట్టడం కొందరికి సరదా. నాకు మనసొప్పదు. ఇక్కడ దురాశ ఎక్కడుంది? ముచ్చటపడి బాగుచేయించుకున్న ఆ పాత పురపాలక భవనాన్ని నేలలోని వేడితోనే వెచ్చగా ఉంచుకుందామన్న కోరిక తప్ప ఇంకేమీ లేదు.

అది మంచి కోరికే. పైన మంచు కురుస్తున్నా, లోతున అక్కడి నేల పది పన్నెండు డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. బోరులో దించిన గొట్టంలో తిరిగే ద్రవం ఆ కాస్త వేడిని మోసుకొస్తే, హీట్ పంపు దాన్ని గది వెచ్చబడేంతగా పెంచుతుంది. ఒక యూనిట్ కరెంటుకు మూడు, నాలుగు యూనిట్ల వేడి. యంత్రం ఏ పాపమూ ఎరగదు. గొట్టానికీ బోరు గోడకూ మధ్య సన్నని సందు ఒకటి ఉంటుంది. దాన్ని అడుగు నుంచి పైదాకా, ఎక్కడా వెలితి లేకుండా, సిమెంటు మిశ్రమంతో పూడ్చాలి. ఊరి కొంపలు ఆ సందులోనే మునిగాయి.

ఏడు బోర్లు, ఒక్కొక్కటి 140 మీటర్లు. దారిలో అన్‌హైడ్రైట్ ఉంది. యుగయుగాలుగా తడి తగలక, ఎవరి జోలికీ పోక నిద్రపోతున్న రాయి అది. ఆ కింద, ఒత్తిడిలో బందీగా నీరు. ఎన్నడూ కలవకూడని ఆ రెంటికీ బోర్లు దారి వేశాయి. సందు సరిగా పూడలేదు, నీరు ఎగబాకింది. తడిసిన అన్‌హైడ్రైట్ జిప్సంగా మారుతుంది, మారుతూ 60 శాతం దాకా ఉబ్బుతుంది. బిగించిన సీసాలో నానిన శనగల్లా, అది తన మీదున్న ఊరినే పైకి నెట్టింది.

తెలియక జరిగిందనుకుంటే దుఃఖం కాస్త తేలికయ్యేది. కానీ ఈ రాయి గుణం ఆ ప్రాంతంలో సొరంగాలు తవ్విన ఇంజనీర్లకు ఎప్పుడో తెలుసు. స్టుట్‌గార్ట్‌లోని వాగెన్‌బుర్గ్ సొరంగంలో దాని ఉబ్బును కొలిచి చూశారు కూడా. ఆ ఎరుక బోరు వేసేవాళ్ల దాకా నడిచి వచ్చి ఉంటే! అన్‌హైడ్రైట్‌కు పైనే ఆపి, తక్కువ లోతు బోర్లు మరికొన్ని వేసుకుని ఉంటే! వేడి ఇంచుమించు అంతే వచ్చేది. ఖర్చు కొంత పెరిగేదేమో. పోనీ, లోతుకే పోయినా ఆ సందును గట్టిగా పూడ్చి ఉంటే!

పని ముగిసిన కొన్ని వారాలకు గోడల మీద వెంట్రుక వాసి గీతలు కనిపించాయి. పాత ఇళ్లకు గీతలు కొత్తా? సున్నం పూస్తే పోతాయనుకునేవే. పోలేదు. గీతలు వేలు దూరేంత పగుళ్లయ్యాయి. తలుపులు చట్రాల్లో ఇరుక్కున్నాయి. నేల మొదట్లో నెలకు దాదాపు సెంటీమీటరు చొప్పున లేచింది. ఏళ్లు గడిచేసరికి, ఎక్కువగా లేచినచోట, అర మీటరు దాటింది. దెబ్బతిన్న కట్టడాలు 250కి పైనే. తాతలు కట్టిన ఇంట్లో, రాత్రిపూట గోడ చిటపటమంటే లేచి కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ ఇళ్లవాళ్లను అడగాలి. "స్టౌఫెన్ పగిలిపోకూడదు" అని వాళ్లు రాసి పెట్టుకున్నారు. అది నినాదం కాదు, మొక్కు.

చికిత్స జరగకపోలేదు. బోర్ల చుట్టూ మళ్లీ సిమెంటు ఎక్కించారు. బావి తవ్వి, 2009 నుంచి కింది నీటిని తోడిపోశారు. ఉబ్బు నెలకు కొన్ని మిల్లీమీటర్లకు తగ్గింది గానీ, ఒక్కసారిగా ఆగలేదు. ఇంధనం ఆదా చేద్దామని మొదలైన పని, ఏళ్ల తరబడి నీళ్లు తోడే పంపులకు కరెంటు కట్టడంలోకి దిగింది. తరువాత స్టౌఫెన్ ఉన్న రాష్ట్రంలో నిబంధనలు బిగిశాయి: జిప్సం రాయి తగిలితే బోరు అక్కడే ఆపాలి.

ఈలోగా, రైన్ నదికి అవతల, ఫ్రాన్సులోని లోక్‌విల్లేర్ అనే పల్లెలో ఒక ఇంటివారు తమ ఇల్లు వెచ్చబరుచుకోవడానికి బోరు వేయించుకున్నారు. అక్కడా అదే రాయి, అదే నీరు. ఇరుగుపొరుగు ఇళ్లూ బీటలువారాయి. ఆ బోరు వేసింది 2008లో. స్టౌఫెన్‌లో గోడలు అప్పటికే పగులుతున్నాయి.